పరిశోధనశాలల స్థిర వెబ్‌సైట్లు – చారిత్రక పరిణామం

9.1 పరిచయం

ఈ పాఠ్యభాగం చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోనులో గాని, అధ్యయన కేంద్రంలోని కంప్యూటరులో గాని బ్రౌజర్ తెరిచి ‘ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సిహెచ్’ అనే చిరునామాకు వెళ్లండి. అక్కడ ఉన్న మొదటి లంకెను నొక్కితే తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు, కొన్ని నీలిరంగు లంకెలు తప్ప మరేమీ లేని ఒక పుట కనిపిస్తుంది. బొమ్మలు లేవు, రంగులు లేవు, అక్షరాలకు అలంకారమూ లేదు. ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్‌సైట్ అదే. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దులో ఉన్న సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో 1990 చివర్లో అది పుట్టింది. అప్పటికి మీ చేతిలోని ఫోను వంటి వస్తువే లేదు. అయినా ఆ పుట ఇవాళ మీ ఫోనులో తెరుచుకుంటుంది.

ఇప్పుడు రెండో పని. పదేళ్ల కిందట అచ్చయిన ఏదైనా పరిశోధన వ్యాసం తీసుకుని, అందులో ఇచ్చిన వెబ్ చిరునామాలను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. కొన్ని తెరుచుకోవు. ముప్పై ఏళ్లు దాటిన పుట నిలిచింది, పదేళ్ల నాటివి పోయాయి. ఇలా ఎందుకు జరిగిందో చరిత్ర విద్యార్థులుగా మనం అడగాలి. చరిత్రకారునికి ఆధారం లేకపోతే చరిత్ర లేదు. ఒక పరిశోధనశాలలో ఎవరు పనిచేశారు, ఏ పరికరాలు వాడారు, ఏ కొలతలు తీశారు అన్న విషయాలు పూర్వం కాగితాల మీద, ఉత్తరాలలో, వార్షిక నివేదికలలో ఉండేవి. గత మూడు దశాబ్దాలుగా వాటిలో చాలా భాగం వెబ్‌సైట్ల మీదికి వెళ్లిపోయింది.

విషయంలోకి వెళ్లే ముందు ఒక నిర్వచనం అవసరం. పుట ముందే ఒక ఫైలుగా రాసి ఉండి, ఎవరు అడిగినా సర్వర్ ఆ ఫైలును ఉన్నది ఉన్నట్టుగా పంపితే దానిని స్థిర వెబ్‌సైట్ అంటాం. అడిగిన ప్రతిసారీ ఒక ప్రోగ్రామ్ నడిచి, డేటాబేస్‌లోంచి సమాచారం తీసి, పుటను అప్పటికప్పుడు కూర్చి పంపితే అది గతిశీల వెబ్‌సైట్. మొదటిది జాడీలోని ఆవకాయ వంటిది. గరిటెతో తీసి వడ్డించడమే. రెండోది పెనం మీది దోసె. వచ్చిన ప్రతి మనిషికీ పొయ్యి వెలగాలి, పిండి ఉండాలి, పోసే మనిషి ఉండాలి. దోసె రుచిని ఎవరూ కాదనరు గాని, వంటమనిషి ఊరెళ్లిన రోజున అన్నంలోకి దిక్కు ఆవకాయే. ‘స్థిర’ అనే మాటను ‘మార్చడానికి వీలులేనిది’ అని కొందరు విద్యార్థులు పొరబడుతుంటారు. ఫైలును ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు. చదివేవారు అడిగిన క్షణంలో అక్కడ ఏ ప్రోగ్రామూ పుటను తయారుచేయదు, అంతే తేడా.

9.2 సెర్న్: వచ్చిపోయే మనుషులు, నిలవని సమాచారం

సెర్న్ 1954లో ఏర్పడింది. పరమాణువు లోపలి కణాలను అధ్యయనం చేయడానికి అనేక దేశాల విశ్వవిద్యాలయాల నుంచి శాస్త్రవేత్తలు అక్కడికి వస్తారు, కొంతకాలం పనిచేస్తారు, వెళ్లిపోతారు. ఒక్కొక్కరు ఒక్కో రకం కంప్యూటరు వాడేవారు. ఒక దానిలో రాసిన పత్రం మరో దానిలో తెరుచుకునేది కాదు. ఒక పరికరాన్ని ఎవరు అమర్చారు, ఆ ప్రోగ్రామ్ ఎవరు రాశారు, దాని వివరాలు ఎక్కడున్నాయి అని తెలుసుకోవాలంటే కాఫీ తాగే చోట నలుగురినీ అడగడమే మార్గం.

అక్కడ పనిచేస్తున్న బ్రిటిష్ ఇంజనీరు టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో తన పై అధికారికి ఒక ప్రతిపాదన సమర్పించాడు. వెబ్ చరిత్రకు అది మూలపత్రం. దానిని చదివినవారు సాధారణంగా లంకెలు, జాలం అన్న భావనల దగ్గర ఆగిపోతారు. కాని ప్రతిపాదన బయలుదేరింది అక్కడి నుంచి కాదు. సంస్థలో మనిషి సగటున ఉండేది రెండేళ్లే అయినప్పుడు సమాచారం నిరంతరం పోతూనే ఉంటుందన్నది అతని ఫిర్యాదు. కొత్తగా వచ్చినవారికి నేర్పడానికి ఉన్నవారి సమయమంతా ఖర్చవుతోంది. వెళ్లినవారి వెంట వారి జ్ఞానమూ పోతోంది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి, ఈ భాగం చివర్లో దీనితో మళ్లీ పని పడుతుంది.

పై అధికారి మైక్ సెండాల్ ఆ ప్రతి మీద, అస్పష్టంగా ఉంది గాని ఉత్సాహం కలిగిస్తోంది అన్న అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటలు రాశాడు. ప్రతిపాదన అధికారికంగా ప్రాజెక్టు కాలేదు. అయితే 1990లో నెక్స్ట్ కంపెనీ కంప్యూటరు ఒకటి కొనుక్కోవడానికి ఆయన అనుమతించాడు. ఆ యంత్రం మీదే బెర్నర్స్-లీ ఆ సంవత్సరం చివరికల్లా మొదటి బ్రౌజర్, మొదటి సర్వర్, మొదటి పుటలు తయారుచేశాడు. బెల్జియం దేశస్థుడైన రాబర్ట్ కాయో ప్రతిపాదనను తిరగరాయడంలోను, సంస్థలో మద్దతు కూడగట్టడంలోను తోడు నిలిచాడు. ఆ కంప్యూటరు మీద ఒక చీటీ అంటించారు. ఈ యంత్రం సర్వర్, దీనిని ఆపివేయకండి అని ఎర్ర సిరాతో రాసిన హెచ్చరిక అది. ఎవరైనా గది ఊడ్చడానికి వచ్చి స్విచ్ తీసేస్తే ప్రపంచంలోని వెబ్ అంతా ఆగిపోయే రోజులు.

సాంకేతికంగా ఆ ఏర్పాటు ఎంత సాదాసీదాగా ఉండేదో చూడండి. పుటలు మామూలు అక్షరాల ఫైళ్లు. శీర్షిక ఏది, పేరా ఏది, లంకె ఏది అని చెప్పడానికి ఇరవైకి మించని గుర్తులు. వీటి సమాహారమే హెచ్‌టిఎంఎల్. బ్రౌజర్ ఒక్క వరుసలో ‘ఫలానా ఫైలు ఇవ్వు’ అని అడుగుతుంది, సర్వర్ డిస్కులోంచి తీసి పంపి సంభాషణ ముగిస్తుంది. ఇంత తక్కువ ఉంది కాబట్టే ఎవరైనా దీనికి బ్రౌజర్ రాయగలిగారు. ఇంగ్లండు నుంచి శిక్షణకు వచ్చిన నికోలా పెల్లో అనే విద్యార్థిని, బొమ్మలు చూపలేని సాధారణ టెర్మినళ్ల మీద కూడా పనిచేసే బ్రౌజర్ రాసింది. నెక్స్ట్ కంప్యూటర్లు చాలా తక్కువమంది దగ్గర ఉండేవి. ఆ కారణంగా తొలిరోజుల్లో చాలామంది వెబ్‌ను చూసింది ఆమె రాసిన బ్రౌజర్‌తోనే. వెబ్ చరిత్ర పుస్తకాలు ఆమెకు ఒకటి రెండు వాక్యాలకు మించి ఇవ్వవు, ఇది న్యాయం కాదు.

సెర్న్‌లో జనాన్ని వెబ్ వైపు లాగింది గొప్ప సిద్ధాంతమేమీ కాదు, టెలిఫోన్ డైరెక్టరీ. అది అప్పటిదాకా పెద్ద కంప్యూటరులో ఉండేది. ఒక్క నంబరు కోసం అందులోకి లాగిన్ కావలసి వచ్చేది. వెబ్‌లో పెట్టాక ఎవరి బల్ల దగ్గరి నుంచి వారు చూసుకోగలిగారు.

9.3 స్లాక్: గ్రంథాలయం నుంచి వెబ్‌కు

అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే కణ త్వరణ కేంద్రానికి స్లాక్ అని పేరు. అక్కడి భౌతికశాస్త్రవేత్త పాల్ కుంజ్ 1991 సెప్టెంబరులో సెర్న్‌కు వెళ్లినప్పుడు బెర్నర్స్-లీ అతనికి వెబ్‌ను చూపించాడు. మామూలు పుటలు చూసి కుంజ్ పెద్దగా చలించలేదు. ఆ తర్వాత సెర్న్‌లోని పెద్ద కంప్యూటరును వెబ్ ద్వారా ప్రశ్న అడిగి జవాబు రాబట్టవచ్చని చూసినప్పుడు మాత్రం అతనికి తమ గ్రంథాలయం గుర్తుకు వచ్చింది.

ఎందుకంటే భౌతికశాస్త్రంలో పరిశోధన వ్యాసం పత్రికలో అచ్చయ్యే లోపే దాని ముందస్తు ప్రతులను ఒకరికొకరు తపాలాలో పంపుకునే ఆచారం ఉండేది. వాటిని ప్రీప్రింట్లు అంటారు. పెద్ద సంస్థలకు ఇవి కుప్పలుగా చేరేవి, చిన్న విశ్వవిద్యాలయాలకు అందేవి కావు. స్లాక్ గ్రంథాలయం ఈ ప్రీప్రింట్ల వివరాలను స్పైర్స్ అనే డేటాబేస్‌లో చేర్చుతూ వచ్చింది. దానిని వెదకాలంటే పెద్ద కంప్యూటరులో ప్రవేశం ఉండాలి, ప్రత్యేకమైన ఆదేశాలు నేర్చుకోవాలి. కుంజ్ తిరిగివచ్చి గ్రంథాలయాధికారి లూయీజ్ ఆడిస్‌తో మాట్లాడాడు. విషయం విన్న వెంటనే దాని విలువ గ్రహించి, పని ముందుకు నడిపించింది ఆమె. 1991 డిసెంబరు 12న స్లాక్ వెబ్ సర్వర్ మొదలైంది. అమెరికాలో అదే మొదటిది.

ఆ మొదటి పుటలో ఉన్నది మూడు వరుసలు, రెండు లంకెలు. వాటిలో ఒకటి స్పైర్స్‌కు దారి. పుట స్థిరమైనది, దాని వెనుక ఉన్న స్పైర్స్ మాత్రం అడిగినప్పుడల్లా వెదికి జవాబిచ్చేది. అంటే ఆవకాయ, దోసె రెండూ తొలి ఏడాదిలోనే ఒకే పంక్తిలో వడ్డనకు వచ్చాయి. 1992 జనవరిలో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక శాస్త్రసమావేశంలో బెర్నర్స్-లీ అక్కడి నుంచే స్లాక్‌లోని స్పైర్స్‌ను వెదికి చూపించినప్పుడు భౌతికశాస్త్రవేత్తలకు వెబ్ అంటే ఏమిటో అర్థమైంది. స్పైర్స్ వారసుడైన ఇన్‌స్పైర్ ఇవాళ్టికీ కణ భౌతికశాస్త్రజ్ఞులు రోజూ వాడే సాధనం.

ఇక్కడ ఒక సూత్రం కనిపిస్తుంది. లక్షల వివరాల్లోంచి వెదకవలసిన అవసరం స్పైర్స్‌కు నిజంగా ఉంది. పదిమంది సభ్యులు, ముప్పై వ్యాసాలు ఉన్న ఒక చిన్న ప్రయోగశాలకు ఆ అవసరం లేదు. తరువాతి కాలంలో ఈ తేడా చాలామంది మరచిపోయారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బెర్నర్స్-లీ ప్రతిపాదనకు మూలమైన సమస్య ఏమిటి?
2. స్లాక్ మొదటి పుటలో స్థిరమైన భాగం ఏది? గతిశీలమైన భాగం ఏది?

9.4 టిల్డా చిరునామాల కాలం

1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రజలపరం చేసింది. అదే సంవత్సరం అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎన్‌సిఎస్‌ఎ కేంద్రం నుంచి మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. అక్షరాల పక్కనే బొమ్మలు చూపించడం దానితోనే జనంలోకి వెళ్లింది. 1993 చివరికి తెలిసిన సర్వర్లు 500 దాటితే, 1994 చివరికి అవి దాదాపు 10,000 అయ్యాయి.

అదే కేంద్రం విడుదల చేసిన సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న సదుపాయం ఉండేది. విశ్వవిద్యాలయ కంప్యూటరులో ఖాతా ఉన్న ప్రతి వ్యక్తీ తన ఫోల్డర్‌లో ఒక నిర్ణీత పేరుతో ఉపఫోల్డర్ పెట్టుకుని అందులో ఫైళ్లు ఉంచితే చాలు, అవి వెబ్‌లో కనిపిస్తాయి. చిరునామాలో ‘~’ గుర్తు, దాని వెంట ఖాతా పేరు. యూనిక్స్ కంప్యూటర్లలో ఆ గుర్తుకు ‘ఫలానావారి ఇల్లు’ అని అర్థం. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, ఖర్చు లేదు, డేటాబేస్ లేదు. ప్రొఫెసర్లు, పరిశోధక విద్యార్థులు తమ ప్రయోగశాల పుటలను చేత్తో రాసుకున్నారు. చూడ్డానికి అవి అందంగా ఉండేవి కావు. బూడిదరంగు నేపథ్యం, పక్కన పార పట్టుకున్న కూలి బొమ్మ, ‘నిర్మాణంలో ఉంది’ అనే ప్రకటన. కాని పాఠ్యాంశాలు, కొలతల పట్టికలు, ప్రోగ్రాములు, వ్యాసాల ప్రతులు అందులోనే ఉండేవి.

ప్రయోగశాల పుటలన్నీ గంభీరమైనవని అనుకోకండి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కంప్యూటర్ ప్రయోగశాలలో కాఫీ పాత్ర ఉన్న గదికి, పరిశోధకులు కూర్చునే గదులకు మధ్య దూరం ఎక్కువ. అంత దూరం నడిచివెళితే తీరా పాత్ర ఖాళీ. 1991లో వారు పాత్ర ఎదుట ఒక కెమెరా పెట్టారు. 1993లో దానిని వెబ్‌కు కలిపారు. ప్రపంచం నలుమూలల నుంచి లక్షలమంది ఆ పాత్రలో కాఫీ ఉందో లేదో చూశారు. 2001 ఆగస్టులో కెమెరాను ఆపేశారు.

మన దేశంలో విద్యా పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్ 1986లో మొదలైంది. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న గాని అందలేదు. అంటే ఇక్కడ కూడా వెబ్‌ను మొదట చూసింది పరిశోధన సంస్థలవారే. తెలుగుకు సంబంధించిన ఒక ముచ్చట ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు కంప్యూటర్లన్నిటిలోనూ ఒకేలా కనిపించే మార్గం లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు, తెలుగును రోమన్ అక్షరాలలో రాయడానికి ఆర్‌టిఎస్ అనే పద్ధతి రూపొందించారు. పదాలను ఆ పద్ధతిలో మామూలు ఫైళ్లలో రాసుకున్నవారి రాతలు ఇవాళ్టికీ చదవవచ్చు, యూనికోడ్ తెలుగులోకి మార్చుకోవచ్చు కూడా. ఒక్కో సంస్థ తన సొంత ఫాంటుతో పెట్టిన తెలుగు పుటలు మాత్రం ఆ ఫాంటు పోయాక అర్థం కాని గుర్తుల వరుసలుగా మిగిలాయి. ఫైలు నిలిచినంత మాత్రాన సరిపోదు, దానిలోని అక్షరం కూడా నిలవాలని మనవారికి అనుభవం మీద తెలిసివచ్చింది.

9.5 డేటాబేస్ పాలన

2000 తర్వాత పరిస్థితి మారింది. పుటలు ఎక్కువైన కొద్దీ చేత్తో రాయడం కష్టమైంది. ఒక కొత్త విద్యార్థి చేరితే నాలుగు పుటల్లో పేరు చేర్చాలి, పక్కనున్న జాబితా మారితే ప్రతి ఫైలులోనూ మార్చాలి. ఎక్కడో ఒకచోట మరచిపోవడం ఖాయం. అప్పటికి పిహెచ్‌పి అనే భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటి మీద కట్టిన ద్రూపల్ 2001లో, వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చాయి. హెచ్‌టిఎంఎల్ రాకపోయినా ఫారం నింపినట్టు నింపి పుట తయారుచేయవచ్చు. విశ్వవిద్యాలయాల పాలనావర్గాలకు మరో సౌకర్యం కూడా కనిపించింది. అన్ని విభాగాల పుటలూ ఒకే రంగులో, ఒకే చిహ్నంతో ఉండేలా చేయవచ్చు. దాంతో అనేక చోట్ల టిల్డా చిరునామాలను మూసివేసి అందరినీ కేంద్రీయ వ్యవస్థలోకి రమ్మన్నారు.

ఈ మార్పును కేవలం తప్పుగా చూడకూడదు. చేత్తో రాసే పద్ధతి ఒక ప్రత్యేక వర్గానికే, అంటే కంప్యూటరు తెలిసినవారికే, అందుబాటులో ఉండేది. చరిత్ర శాఖలోనో తెలుగు శాఖలోనో ఉన్న ఆచార్యులు తమ పుటను తామే మార్చుకోగలగడం వర్డ్‌ప్రెస్ వల్లే సాధ్యమైంది. నష్టం మరోవైపు నుంచి వచ్చింది. డేటాబేస్ మీద నడిచే సైట్ అంటే పగలూ రాత్రీ నడుస్తున్న ప్రోగ్రామ్. దానిలో లోపం బయటపడితే ప్రపంచంలో ఎవరైనా దానిలోకి చొరబడవచ్చు. 2014 అక్టోబరులో ద్రూపల్‌లో ఒక తీవ్రమైన లోపం ప్రకటించారు. ప్రకటన వెలువడిన ఏడు గంటల్లోపు సరిచేయని సైట్లన్నీ దాడికి గురైనట్టే భావించాలని ద్రూపల్ భద్రతా బృందమే తరువాత హెచ్చరించింది. 2017 ఆరంభంలో వర్డ్‌ప్రెస్ లోపం వల్ల పది లక్షలకు పైగా పుటల్లో రాతలు చెరిపి తమ రాతలు పెట్టారు. అర్ధరాత్రి ప్రకటన వస్తే ఉదయానికి సరిచేయగల మనిషి పెద్ద కంపెనీలో ఉంటాడు. ఒక వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఎవరుంటారు?

ఈ రచయిత పనిచేసిన ఒక విభాగంలో జరిగినది చెబుతాను. ఒక ప్రయోగశాల సైట్‌ను పరిశోధక విద్యార్థి ఒకతను ఎంతో శ్రద్ధగా తయారుచేశాడు. పట్టా పుచ్చుకుని మరో రాష్ట్రానికి వెళ్లాడు. పాస్‌వర్డ్ అతని పాత ఈమెయిల్‌లో ఉంది, ఆ ఈమెయిల్ ఖాతాను నిబంధనల ప్రకారం మూసివేశారు. పదవీ విరమణ చేసిన ఆచార్యులు మరో నాలుగేళ్లు అధిపతిగానే కనిపిస్తూ వచ్చారు. తరువాత సర్వర్ మార్చినప్పుడు పాత డేటాబేస్ కొత్త సాఫ్ట్‌వేర్‌తో పనిచేయలేదు, సైట్ మాయమైంది. అందులోని వర్షపాత పట్టికలను ఉదాహరించిన రెండు సిద్ధాంత వ్యాసాలు గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి అధస్సూచికలు ఎక్కడికీ తీసుకుపోవు.

ఇది ఒక్కచోటి కథ కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. 2014లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం విజ్ఞానశాస్త్ర వ్యాసాల్లో ఐదింట ఒకటి, పోయిన లేదా మారిపోయిన వెబ్ ఉదాహరింపుల సమస్యకు గురైంది. 2013లో ఉన్న వెబ్ పుటల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించింది. చిరునామాలు మార్చవద్దని బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాశాడు. పుటలు పోవడానికి సాంకేతిక కారణాలు దాదాపు లేవని, నిర్వాహకుల ఆలోచన లోపమే కారణమని అందులో అతని వాదన.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3. గతిశీల సైట్ల వల్ల చిన్న ప్రయోగశాలలకు కలిగిన మేలు, కీడు ఒక్కొక్కటి రాయండి.

9.6 తిరిగి ఫైళ్ల దగ్గరికి

స్థిర సైట్లు మళ్లీ రావడానికి మూడు వేర్వేరు దారుల్లో వచ్చిన సాధనాలు కలిశాయి. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిని ప్రకటించాడు. హెచ్‌టిఎంఎల్ గుర్తులు గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఈమెయిల్ రాసినట్టు రాస్తే ప్రోగ్రామ్ దానిని హెచ్‌టిఎంఎల్‌గా మారుస్తుంది. 2005లో లైనక్స్ సృష్టికర్త లినస్ తొర్వాల్డ్స్ గిట్ రాశాడు. ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లలో ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో అది నమోదు చేసుకుంటుంది. పాత రూపం ఏ రోజుదైనా వెనక్కి తీసుకోవచ్చు. 2008లో గిట్‌హబ్ సంస్థ మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకడైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ అదే ఏడాది జెకిల్ అనే సాధనం విడుదల చేశాడు.

జెకిల్ చేసే పని ఇదీ. పై అంచు, పక్క జాబితా, అడుగు భాగం ఒక మూస ఫైలులో ఒక్కసారి రాసిపెడతారు. సభ్యుల వివరాలు ఒక ఫైలులో, ప్రచురణలు మరో ఫైలులో, మిగతా విషయం మార్క్‌డౌన్‌లో ఉంటాయి. ఆదేశం ఇవ్వగానే జెకిల్ వీటన్నిటినీ కలిపి పూర్తి హెచ్‌టిఎంఎల్ ఫైళ్లు తయారుచేస్తుంది. వాటిని సర్వర్ మీద పెడితే సరి. చేత్తో రాసేరోజుల్లో ఉన్న బాధ, అంటే ఒకే మార్పును నలభై చోట్ల చేయడం, తప్పింది. డేటాబేస్ నడిపే బాధా తప్పింది. వంట అంతా ఇంట్లోనే ముగించి జాడీలు మాత్రం అంగడిలో పెట్టినట్టు. 2008 డిసెంబరులో గిట్‌హబ్ పేజెస్ సేవ వచ్చాక సర్వర్ కూడా వెదుక్కోనక్కరలేకపోయింది. ఫైళ్లు గిట్‌హబ్‌కు పంపితే వారే సైట్ కట్టి ఉచితంగా ప్రపంచానికి అందిస్తారు. జీవశాస్త్రం, భాషాశాస్త్రం, ఖగోళశాస్త్రం చదివేవారు అప్పటికే తమ ప్రోగ్రాముల కోసం గిట్ నేర్చుకుంటున్నారు. అదే అలవాటుతో ప్రయోగశాల సైట్ కూడా నడపవచ్చని గ్రహించారు. 2013లో వచ్చిన హ్యూగో వంటి సాధనాలు ఈ పనిని మరింత వేగంగా చేశాయి.

ఖర్చు విషయంలో మరో అడ్డంకి ఉండేది. చదివేవారికి, సైట్‌కు మధ్య సమాచారం రహస్యలిపిలో వెళ్లాలంటే ధ్రువపత్రం కొనుక్కోవాలి. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాటిని ఉచితంగా అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులై నుంచి గూగుల్ క్రోమ్ బ్రౌజర్ ధ్రువపత్రం లేని సైట్లన్నిటినీ సురక్షితం కానివిగా చూపించసాగింది. ఆ ఉచిత సేవ లేకపోయి ఉంటే వేలాది చిన్న పుటలు ఆ ముద్రతోనే మిగిలేవి.

ఈ పునరాగమనంలో ఒక ఇరకాటం ఉంది. 1993 నాటి టిల్డా పుట విశ్వవిద్యాలయం సొంత యంత్రం మీద ఉండేది. ఇవాళ్టి పుటలు అనేకం ఒకే ప్రైవేటు కంపెనీ యంత్రాల మీద ఉన్నాయి. ఆ కంపెనీని 2018లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. యాహూ నడిపిన జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు అందులోని లక్షల పుటలు పోయాయి, స్వచ్ఛంద సేవకులు చివరి నెలల్లో పరుగెత్తి కాపాడినవి కొన్ని. అయినా స్థిర సైట్‌కు ఒక రక్షణ ఉంది. ఫైళ్లన్నీ ప్రతి సభ్యుని కంప్యూటరులోనూ ప్రతిగా ఉంటాయి. కంపెనీ తలుపు మూస్తే మరో చోట పెట్టుకోవచ్చు, అయితే చిరునామా సొంతదై ఉండాలి. అందుకే సంస్థ పేరుతో సొంత డొమైన్ తీసుకోవడం ముఖ్యం. మన దేశంలో పరిశోధన సంస్థలకు ‘డాట్ రెస్ డాట్ ఇన్’, విద్యాసంస్థలకు ‘డాట్ ఎసి డాట్ ఇన్’ అనే ముగింపులను ఎర్నెట్ నమోదు చేస్తుంది.

9.7 నిర్వహణ ఎవరిది?

మీలో కొందరు ఉపాధ్యాయులు, కొందరు గ్రంథాలయాల్లో పనిచేసేవారు, కొందరు ముందుముందు పరిశోధనలో చేరేవారు. ఏదో ఒకనాడు ఇటువంటి సైట్ బాధ్యత మీ మీద పడవచ్చు. కట్టడం వారం పది రోజుల పని. నిలపడం ఏళ్ల తరబడి పని. ఇందులో చరిత్ర మనకు నేర్పినవి కొన్ని ఉన్నాయి.

మనిషి వెళ్లిపోయినప్పుడు అతని పుటను తీసివేయడం సర్వత్రా కనిపించే పొరపాటు. అతని పేరును పూర్వ సభ్యుల జాబితాలోకి మార్చాలి, పుట చిరునామాను అలాగే ఉంచాలి. 2011లో ఆ పరికరం ఎవరు నడిపారని 2040లో ఒకరు వెదకవచ్చు. చిరునామాలో సంవత్సరం, విషయం వంటి మారనివి ఉంటే మేలు. వాడిన సాఫ్ట్‌వేర్ పేరు, విద్యార్థి పేరు ఉంటే అవి మారినప్పుడు చిరునామా కూడా మారిపోతుంది. పెద్ద కొలతల పట్టికలను సైట్‌లో కుక్కవద్దు. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ పరిమాణం ఒక గిగాబైట్ దాటరాదని నియమం ఉంది. పైగా దత్తాంశానికి సైట్ కంటే గట్టి ఇల్లు కావాలి. సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో వంటి భాండాగారంలో ఉంచి, అది ఇచ్చే శాశ్వత సంఖ్యను సైట్‌లో రాయాలి.

జెకిల్ వంటి సాధనం కూడా పాతబడుతుంది. ఐదారేళ్ల తర్వాత కొత్త కంప్యూటరులో పాత మూసలు పనిచేయక విద్యార్థులు తలపట్టుకోవడం మామూలే. కాని అప్పటికే తయారై ఉన్న హెచ్‌టిఎంఎల్ ఫైళ్లకు ఏమీ కాదు, సైట్ కనిపిస్తూనే ఉంటుంది. కొత్త మార్పు చేయడమే ఆగిపోతుంది. వర్డ్‌ప్రెస్ సైట్‌కు ఇదే జరిగితే మొత్తం సైటే ఆగిపోతుంది. అందువల్ల మూల ఫైళ్లతో పాటు తయారైన ఫైళ్లను కూడా ఏటా ఒకసారి విడిగా దాచాలి. బ్రూస్టర్ కాల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఆ చిరునామాను అందించి అక్కడ కూడా ఒక ప్రతి ఉండేలా చూడాలి.

ఇక పాస్‌వర్డ్‌లు. డొమైన్ ఎవరి పేరున ఉంది, ఏ తేదీన డబ్బు కట్టాలి, గిట్‌హబ్ ఖాతాకు యజమానులు ఎవరు అన్న మూడు వివరాలు ఒక కాగితం మీద రాసి విభాగం కార్యాలయంలోని బీరువాలో పెట్టండి. కనీసం ఇద్దరు యజమానులుండాలి, వారిలో ఒకరు శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి. కంప్యూటరు పాఠంలో బీరువా ఏమిటని నవ్వుకోవచ్చు. 1989లో బెర్నర్స్-లీ చెప్పిన రెండేళ్ల మనిషి ఇప్పుడు మన పిహెచ్‌డి విద్యార్థి. అతను వెళ్లేరోజు తెలిసిన రోజే.

9.8 మొదటి పుట కోసం వెదుకులాట

2013లో, వెబ్‌ను ప్రజలపరం చేసి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, సెర్న్ ఒక చిన్న బృందాన్ని నియమించి తన మొదటి సైట్‌ను పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టే పని చేపట్టింది. అప్పటికి ఆ చిరునామా వేరే పుటకు దారి మళ్లుతోంది. వెదికితే సంస్థ దగ్గర దొరికిన ప్రతి 1992 నాటిది. తొలినాళ్లలో పుటలను మార్చినప్పుడల్లా పాత ఫైలు మీదే కొత్తది రాశారు, గిట్ వంటిది అప్పటికి లేదు. పాత ప్రతులు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పమని సెర్న్ ప్రజలను కోరింది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఉన్న పాల్ జోన్స్ దగ్గర 1991 నాటి ప్రతి ఒకటి బయటపడింది. ఆ ఏడాది బెర్నర్స్-లీ ఆయనను కలిసినప్పుడు ఇచ్చిన ఫైలును ఆయన ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు మోసుకుంటూ వచ్చాడు. మీరు పాఠం మొదట్లో తెరిచి చూసినది సెర్న్‌లో దొరికిన 1992 నాటి ప్రతి. 1990 చివరినాటి రూపాన్ని ఎవరూ విడిగా దాచలేదు.